పోయిన ఆదివారం మేము చెప్పిన మాటలో తప్పుంది

పోయిన ఆదివారం సంఘం మీటింగు ముగిసినాక, టీ తాగేటప్పుడు ఒక అన్న అడిగినాడు. కూతురు ప్లస్ టూ ముగించింది, ఇంజినీరింగ్ వద్దు ఫిజిక్సే చదువుతానంటోంది, చేర్చొచ్చునా అని. మేమిద్దరం పోటీపడి చెప్పినాము: "చేర్చన్నా! కరెంటు నష్టమే లేకుండా పోయే పదార్థం కనిపెట్టినారు. పదేళ్ళలో తీగలన్నీ అవే. ఆ చదువుకు డబ్బే డబ్బు."

ఇంటికొచ్చి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే మనవరాలికి ఫోన్లో గొప్పగా చెప్తే, నవ్వుతుందనుకున్నాము, కోప్పడింది. "తాతా, ఒకరి చదువు విషయంలో ఇట్లా చెప్పొచ్చునా?" ఆ అన్న ఈ వారమే ఫీజు కట్టాల. అందుకే సరిచేసి రాస్తున్నాము.

పదార్థం నిజమే. పేరు టోపోలాజికల్ ఇన్సులేటర్. తమిళ మీడియంలో మాకు 'కడత్తి', 'కాప్పాన్' అని రెండు జాతులే నేర్పినారు. తెలుగు పుస్తకాల్లో వాహకం, బంధకం అంటారు. ఇది రెండూ కలిసిన పొర. మధ్యలో కరెంటు పోదు, అంచు వెంబడి పోతుంది.

ఎట్లాగంటే, మన కోడంబాక్కంలో బీచ్‌కు పోయే లైను వేరు, తాంబరం పోయే లైను వేరు. ఆ అంచులోనూ అట్లే రెండు లైన్లు. ఎలక్ట్రానుకు స్పిన్ అని ఒక గుణం ఉంది. స్పిన్ పైకి ఉన్నవి ఒక దిక్కు, కిందకి ఉన్నవి ఎదురు దిక్కు పోతాయి. మామూలు తీగలో మలినం తగిలితే ఎలక్ట్రాను వెనక్కి తిరుగుతుంది, నిరోధం అక్కడే పుడుతుంది. ఇక్కడ వెనక్కి తిరగాలంటే ఎదురు లైనుకు మారాల, దానికి స్పిన్ తలకిందులు కావాల. మామూలు మలినం వల్ల అది కాదు. అయస్కాంత గుణమున్న మలినమైతే మార్చేస్తుంది. మా రైల్వే భాషలో అది క్రాస్‌ఓవర్. దీన్నే క్వాంటమ్ స్పిన్ హాల్ ఎఫెక్ట్ అంటారు.

2005లో కేన్, మెలె అనే ఇద్దరు గ్రాఫీన్‌లో ఇది ఉండొచ్చునని లెక్క కట్టినారు. కార్బన్ తేలిక పరమాణువు, అందులో ఆ ప్రభావం మరీ తక్కువ. మరుసటి ఏడు బెర్నెవిగ్, హ్యూస్, జాంగ్ పాదరసం కలిసిన మెర్క్యురీ టెల్లురైడ్‌లో వెతకమన్నారు. 2007లో జర్మనీ వుర్జ్‌బర్గ్‌లో మోలెన్‌క్యాంప్ బృందం కొలిచి చూపించింది. పొర 6.3 నానోమీటర్లకన్నా మందంగా ఉండాల, పలచనైతే మామూలు బంధకమే. మన ఊరి ఐఐటీలో పీహెచ్‌డీ చేసిన జగదీశ్ మూడెర కూడా దీనికి దగ్గరి పనే చేసినారు. 2015లో ఎంఐటీలోని ఆయన బృందం, అంచున ఒకే దిక్కు లైనున్న పొర మీద కొలతలు తీసింది.

ఇంక మా తప్పు. వుర్జ్‌బర్గ్‌లో సరిగా పనిచేసిన ముక్క పొడవు ఒక మైక్రాను. అదీ సున్నా కెల్విన్‌కు దగ్గర చలిలో. 20 మైక్రాన్ల ముక్కలోనే నిరోధం పెరిగిపోయింది. 2018లో టంగ్‌స్టన్ డైటెల్లురైడ్ ఒంటి పొరలో 100 కెల్విన్ దాకా నిలిచింది. అంటే మైనస్ 173 డిగ్రీలు. మన అగ్నినక్షత్రం ఎండకు ఆ తీగ ఏం కావాల!

'నష్టమే లేదు' అన్నది కూడా తప్పే. అంచు ఎంత శుద్ధంగా ఉన్నా, రెండు కొనలకు తీగ తగిలిస్తే సుమారు 12,906 ఓములు చూపిస్తుంది. ఆ నిరోధం దారిలోది కాదు, కరెంటు ఎక్కే చోట, దిగే చోట ఉండేది. బండి ఖాళీ లైనులో పరిగెత్తినా మాంబలంలో ఎక్కి దిగే తోపులాట తప్పదు కదా, అట్లా. ఇంటి మీటరుకు దీనితో పని లేదు.

అన్నా, చేర్చమన్న మాట వెనక్కి తీసుకోవడం లేదు. దానికి చెప్పిన కారణం మాత్రం తీసేసుకుంటున్నాము. పదేళ్ళలో డబ్బు అన్నది మేము కల్పించింది. ఆ పిల్ల ఎందుకు చదవాలనుకుంటోందో ఆమెనే అడగాల. ఆ రోజు ఆమె మీ పక్కనే కూర్చునుంటే మేమెవ్వరం అడగలేదు. మా మనవరాలు ఆమెతో మాట్లాడతానంది. ఆదివారం సాయంకాలం నాలుగింటికి పైన ఇంట్లోనే ఉంటుంది, ఫీజు కట్టకముందే పిల్లను తీసుకుని రండి.