ధువా ఎటు పోవాలె

అమ్మీ ఖాంసీ మా ఇంట్లో గడియారం లెక్క ఉండేది. ఫజర్ అజాన్‌కు ముందు దగ్గు, తర్వాత వజూ నీళ్ల చప్పుడు. అది బీమారీ అని మాకెవరికీ తోచలేదు. పోయిన ఏడాది నాలుగు మెట్లెక్కితే దమ్ము ఆడతలేదంటే నిజామాబాద్ తీసుకుపోయాను. డాక్టర్ ఒక గొట్టంలో గట్టిగా ఊదమన్నాడు. మూడుసార్లు ఊదించి, కాగితం చూసి, "బీడీ తాగుతారా?" అని అడిగాడు.

"తౌబా తౌబా! చేసుడు తెలుసు గని తాగుడు తెల్వది సాబ్" అంది అమ్మీ.

డాక్టర్ నవ్వలేదు. బీడీలు ఎన్నేళ్లు చేసింది, కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్లు వండింది అడిగి రాసుకున్నాడు. సి.ఓ.పి.డి. అన్నాడు. ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయాయి, పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలన్నాడు. లేచి వస్తుంటే ఇంకో సవాల్ అడిగాడు: "ఇప్పుడు మీ వంటింట్లో పొగ ఎటు పోతుంది?"

"చిమ్నీ ఉంది" అన్నాను ఫఖర్‌గా.

మాది ఏర్గట్ల. 2016లో మండలమైంది, అంతకు ముందు మోర్తాడ్ మండలంలో ఒక గ్రామం. మా పాత ఇల్లు గూనపెంకలది. బావర్చీఖానాలో మట్టి చూల్హా, అందులోకి కట్టెలు, పత్తికట్టె, మక్క బెండ్లు, ఏది దొరికితే అది. గడప దగ్గర ఒళ్లో చాట పెట్టుకుని అమ్మీ బీడీలు చుట్టేది. అన్నం పొంగు వస్తే లేచేది, మళ్లీ వచ్చి కూర్చునేది. ఒక పక్క ధువా, ఒక పక్క తంబాకు గర్దా. 1999లో దీపం పథకం మొదలై, గల్లీలోకి సిలిండర్లు వచ్చాక కూడా మా ఇంట్లో గ్యాస్ చాయ్‌కి, మెహమాన్లకే. రొట్టెలకు, నీళ్ల కాగుకు చూల్హానే. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో ప్రపంచంలో దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్క చదివినప్పుడు నా కళ్లకు ఆ గడపే కనిపించింది.

అయినా ఆ పాత ఇంటికి ఒక ఖూబీ ఉండేది. పొగ పెంకుల సందుల్లోంచి ఎంతో కొంత పోయేది. గోడ పైన, కప్పుకు జర కింద, రెండు రోషన్‌దాన్లు. వాటిలో పిచ్చుకలు గూళ్లు పెట్టేవి, అమ్మీ తిట్టేది గాని తీసేది కాదు.

భాయ్‌జాన్ దుబాయ్ పైసలతో స్లాబ్ ఇల్లు కట్టాం. మేస్త్రీ రోషన్‌దాన్ పెట్టలేదు. "ఇప్పుడెవరు పెట్టుకుంటున్నరు?" అన్నాడు. బావర్చీఖానా కిటికీ గల్లీ వైపు. నమాజుకు పోయే మగవాళ్లంతా ఆ ముందు నుంచే నడవాలి. మొదట పర్దా కట్టారు, తర్వాత మసక అద్దం బిగించారు, ఆఖరికి గొళ్లెమే పడింది. మన ముహల్లాల్లో ఇట్లా మూసేసిన వంటింటి కిటికీలు నేను ఎన్నో చూశాను. పర్దా మనుషుల చూపుకు కదా, పొగకు కూడా ఎందుకు కడుతున్నాం అని అప్పుడు నాకూ తట్టలేదు, అబద్ధమెందుకు. పైగా చిమ్నీ వచ్చింది. గంటకు 1200 క్యూబిక్ మీటర్ల గాలి లాగుతుందని డబ్బా మీద రాసి ఉంది. బటన్ నొక్కితే విమానం లెక్క మోత. మోత వస్తుందంటే పని చేస్తుందనే అనుకున్నాం.

డాక్టర్ దగ్గరికి పోయొచ్చిన తర్వాత రంజాన్ వచ్చింది. ఇఫ్తార్‌కు మిర్చీలు, పకోడీలు గోలిస్తుంటే అమ్మీకి దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. పడకగదిలో బగార్ వాసన. ఫాల్స్ సీలింగ్ మీద చాయ్ ఒలికినట్టు మరకలు. భాయ్‌జాన్ వీడియో కాల్‌లో ఆ మరకలు చూసి ఊరుకున్నాడు. ఆయన పని అక్కడ ఏసీ డక్టులు బిగించడమే.

"ఒక టిష్యూ కాగితం తీసి జాలీకి ఆనించు" అన్నాడు. ఆనించాను. నిలబడలేదు, కింద పడింది. "ఇప్పుడు తలుపు తెరువు." తెరిచాను. కాగితం కొద్దిగా అంటుకుంది, వణికింది, మళ్లీ పడింది. "సీలింగ్‌లో లైట్ ఊడదీసి ఫోన్ లోపల పెట్టు."

లోపల చిమ్నీ పైపు మూడు వంపులు తిరిగి, ఫాల్స్ సీలింగ్‌కు స్లాబ్‌కు నడుమ నోరు తెరుచుకుని ఉంది. గోడ దాకా రానేలేదు. ఇన్నాళ్ల నూనె, భాఫ్, ధువా అంతా మా నెత్తి మీదే దాచిపెట్టుకున్నాం. భాయ్‌జాన్ చాలాసేపు మాట్లాడలేదు. "లోకం ఇండ్లకు డక్టులు ఏస్తున్న. మా అమ్మీ ఇంట్ల చూడు" అన్నాడు.

తర్వాత ఆయన చెప్పినవి మీకూ పనికొస్తాయని రాస్తున్నా. ఫ్యాన్ గాలిని పుట్టించదు, జరుపుతుంది అంతే. లోపలికి ఎంత వస్తుందో బయటకు అంతే పోతుంది. కాబట్టి తలుపులు, కిటికీలు అన్నీ బిగించుకుని చిమ్నీ నడిపితే మోతే మిగులుతుంది. పైపు ఆరు అంగుళాలదైతే ఆఖరు దాకా ఆరు అంగుళాలే ఉండాలి, మధ్యలో సన్నం చేయొద్దు. ప్రతి వంపు దగ్గరా గాలి జోరు తగ్గుతుంది. ముడతల అల్యూమినియం పైపు కంటే నున్నటి గట్టి పైపు మేలు. డబ్బా మీది 1200 పైపు, వంపులు ఉంటే రాదు. పైపు లేకుండా బొగ్గు ఫిల్టర్‌తో నడిచే చిమ్నీలు వాసన తగ్గిస్తాయి, భాఫ్‌ను, వేడిని మళ్లీ ఇంట్లోకే వదులుతాయి. గ్యాస్ పొయ్యి అంటే పొగ లేనట్టే అని నేను వాదించబోయాను. కాగిన నూనె పొగ ఏమైంది అన్నాడు.

మాట ముగుస్తుండగా ఆయన కొడుకు సంగతి వచ్చింది. అంతకు ముందు చలికాలంలో ఒక జుమ్మా రోజు గుసల్‌ఖానాలోంచి వచ్చి పిల్లాడు తల తిరుగుతుందని కూలబడ్డాడు. రోజా లేదు, జ్వరం లేదు. నజర్ తగిలిందని భాభీ మిరపకాయలు దిగదీసింది. భాయ్‌జాన్ అది విని కుర్చీలోంచి లేచాడు. "గీజర్ ఏడుంది?"

గ్యాస్ గీజర్ గుసల్‌ఖానా లోపలే ఉంది. చలి అని వెంటిలేటర్‌కు అట్ట కొట్టారు. గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. స్నానానికి పోయిన మనిషి కేకేసే తాకత్ కూడా లేకుండా పడిపోతాడు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే చాలదా అన్నాను. చాలదు, తలుపు బిగుతుగా ఉంటే ఆ ఫ్యాన్ గీజర్ పొగను కూడా లోపలికే గుంజొచ్చు, ముందు గీజర్‌ను బయటికి తీయించమన్నాడు. మరునాడే వెనక ఆరుబయలు గోడకు మార్పించాం. తలుపు కింద అంగుళం సందు కోయించాం. ఫ్యాన్ ఇప్పుడు స్నానం అయ్యాక ఇరవై నిమిషాలు తిరుగుతుంది. మూలల్లో నల్లటి బూజు ఆగింది. పిల్లాడి మొహం చూసినప్పుడల్లా నాకు ఆ జుమ్మా యాదికొస్తుంది. అల్‌హమ్‌దులిల్లాహ్.

ఇక చిమ్నీ. పొయ్యి వెనక గోడకు సూటిగా బొక్క కొడితే వంపే ఉండదు. కాని ఆ గోడ అవతల పక్కింటి వాకిలి, వాళ్ల తులసి గద్దె. అమ్మీ అడ్డం తిరిగింది. "మన ధువా వాళ్ల మొహాన కొట్టుడా? నక్కో." హమ్‌సాయా హక్ గురించి అమ్మీ తఖ్రీర్లు ఇవ్వదు, అంతే, ఒప్పుకోదు. చివరికి తనే పోయి అడిగింది. పక్కింటి పెద్దమ్మ జవాబు ఇది: "పొగ ఎటన్న పోనియ్ చెల్లె. నీ దగ్గు రాత్రంత ఇనవడ్తది, నాకు నిద్ర వడ్తలేదు."

అమ్మీ ఆ రోజు ఇంటికొచ్చి ఏం మాట్లాడలేదు. పైపు గోడ దాటాక ఒక్క వంపుతో పైకి మళ్లించి, పిట్టగోడ కంటే ఎత్తున, వానకు టోపీ పెట్టించి వదిలాం. ఆ ఒక్క వంపుకు జోరు కొంత తగ్గుతుందని తెలుసు. తగ్గనీ.

కిటికీ మాట మిగిలింది. దుబాయ్ పాత ముహల్లా అల్ ఫహీదీలో ఇళ్ల మీద బర్‌జీల్ అనే గాలి మీనార్లు ఉన్నాయని, ఇరాన్ నుంచి వచ్చిన వ్యాపారులు కట్టినవని భాయ్‌జాన్ ఫోటోలు పంపాడు. ఎత్తున గాలి దూరుతుంది, కింద జనానా ఎవరికీ కనిపించదు. మనకు మీనార్ అక్కరలేదు గాని, గల్లీ వైపు గోడలో మనిషి ఎత్తుకు పైన రెండు రోషన్‌దాన్లు కోయించాం, జాలీ పెట్టించి. మేస్త్రీ ఈసారి ఏమీ అనలేదు. ఇప్పుడు తలుపు మూసినా టిష్యూ జాలీకి అంటుకుని నిలబడుతుంది. పిల్లాడికి అదొక ఆట అయింది.

అమ్మీ ఖాంసీ పోలేదు. ఇన్‌హేలర్ పొద్దున, రాత్రి. కాని పొయ్యి దగ్గర దగ్గడం తగ్గింది. మొన్న బగారన్నం వండిన రోజు పెద్దమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏంది చెల్లె, ఇయ్యాల పొయ్యి ముట్టియ్యలేదా? వాసనే లేదు" అంది. అమ్మీ నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వి, పెద్ద కటోరా ఎక్కడుందని నన్ను అడిగింది.