రసాయనశాస్త్రమునకు వలయు లెక్కలు

పదవ తరగతి ముగించిన బాలిక గల యింట వేసవి దినములలో ఏ చర్చ జరుగునో మీరెఱుగుదురు. గణితమన్న భయపడు పిల్లను ఇంటర్మీడియట్టున బై.పి.సి. శాఖయందు చేర్చుట వాడుక. "ఇక లెక్కల పీడ వదలినది" అని తల్లియు, కూతురును ఊఱట చెందుదురు. ఆ యూఱట రెండు మాసములైన నిలువదు. రసాయనశాస్త్రపుస్తకము తెఱచిన కొలది దినములకే మోలు అను మాటయు, దాని వెంట గుణకార భాగహారములును ఎదురగును. మొక్కలను, జంతువులను గూర్చి యిష్టముతో చదువుకొను బాలిక సయితము అచ్చట తొట్రుపడును.

ఇది చిన్న విషయము గాదు. వైద్యము, నర్సు విద్య, ఔషధవిద్య, వ్యవసాయవిద్య మున్నగు వానికి పోదలచిన పిల్లకు రసాయనశాస్త్రము తప్పదు. 2025లో జరిగిన నీట్ పరీక్షయందు 180 ప్రశ్నలలో 45 ఈ శాస్త్రమునవే. ఆ పరీక్షలో లెక్కయంత్రము ముట్టరాదు. కావున లెక్కకు వెఱచిన బాలిక ఒక పాఠముతో బాటు తాను కోరిన జీవనమునే విడిచిపెట్టవలసి వచ్చుచున్నది.

తూర్పుకనుమల నడుమ, ఒడిస్సా సరిహద్దునకు చేరువనున్న మా గుమ్మలక్ష్మీపురమున సవర, జాతాపు కుటుంబముల బాలికలు అనేకులు చదువుకొనుచున్నారు. వారిలో తమ గూడెమునకు నర్సుగా తిరిగి రావలెనని తలచువారు కలరు. అట్టి ఒక సవర బాలిక మాకు తెలియును. ఆమె ఒకనాటి సాయంకాలము మా యింటికి వచ్చి, "అమ్మగారూ, లెక్కలు రావనే గదా ఇందులో చేరాను. ఇక్కడా అవే ఉన్నాయి. మానేస్తాను" అనెను. సూత్రములు కంఠస్థము చేసిన చాలునని ఆమెకు ఎవరో యుపాధ్యాయులు చెప్పిరట. ఆమె చేసినది. సూత్రము నోటికి వచ్చును, ఏ యంకె ఎచ్చట నుంచవలెనో మాత్రము తెలియదు.

కంఠస్థము చేయుటను మేము నిందింపము. మేము బాల్యమున ఇంటియందే అమరమును, కావ్యములను వల్లించి నేర్చినవారము. అయినను అన్వయము తెలియని శ్లోకము ఎట్లు అర్థమీయదో, అన్వయము తెలియని సూత్రమును అట్లే ఫలమీయదు. మా వారి బీరువాలోని పాఠ్యపుస్తకములు దించి, ఆ బాలికతో గూడ మేమును మొదటినుండి చదివితిమి. చదివినకొలది మాకు దోచిన దేమనగా, ఈ శాస్త్రము మొదట కోరు గణితము స్వల్పము; అందు పెద్దభాగము మన పూర్వులు ఇంటివారికి, వర్తకులకు నేర్పినదే.

మొదటిది త్రైరాశికము. భాస్కరాచార్యులు 1150లో రచించిన గ్రంథమునందలి లీలావతి భాగమున దీనికి మూడు పేర్లు కలవు: ప్రమాణము, ఫలము, ఇచ్ఛ. ఇచ్ఛను ఫలముచే గుణించి ప్రమాణముచే భాగింపవలెను. అంతకు పూర్వమే మన తెలుగున పావులూరి మల్లన, మహావీరాచార్యుల గణితసారసంగ్రహమును పద్యములలో చెప్పియున్నాడు. 5 కిలోల చింతపండు 600 రూపాయలైనచో 8 కిలోలకెంత యని సంతలో అడిగిన, మా బాలిక 960 అని తడవుకొనకుండ చెప్పెను. 12 గ్రాముల బొగ్గు కాలి 44 గ్రాముల బొగ్గుపులుసు గాలి యగునెడల, 30 గ్రాములకెంత యన్న ప్రశ్నయు అట్టిదే. ముప్పదిని నలువది నాలుగుచే గుణించి పండ్రెండుచే భాగింపుడు, 110 గ్రాములు. చింతపండు లెక్క వచ్చినవారికి బొగ్గు లెక్క రాదనుటకు కారణము లేదు.

రెండవది కొలతల మార్పు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక యని మన పెద్దలు ధాన్యము కొలిచిరి. మూడు మానికలకు గిద్దలెన్నియన్న, మూడును రెంటితో, మరల రెంటితో, ఆపై నాలుగుతో గుణింతుము, నలువది యెనిమిది. గ్రామును మిల్లిగ్రాములకు, లీటరును మిల్లీలీటరులకు మార్చుట ఇంతకంటె సులభము, అన్నిచోట్ల వెయ్యియే గదా. ఇచ్చట మేము బాలికకు ఒక నియమము పెట్టితిమి: అంకె ప్రక్కన దాని కొలత పేరు వ్రాయనిదే ముందుకు పోరాదు. కొలత పేరులు అంకెలకు విభక్తులవంటివి. విభక్తి తీసివేసిన వాక్యములో ఎవరు ఎవరిని కొట్టిరో తెలియదు; కొలత పేరు తీసివేసిన లెక్కలో దేనిని దేనిచే భాగించితిమో తెలియదు. గ్రాములను 'మోలునకు ఇన్ని గ్రాములు' అనుదానిచే భాగించినచో గ్రాములు పోయి మోలులు మిగులును. వేఱొకటి మిగిలినచో లెక్క తలక్రిందులైనదని అంకె చూడకయే తెలిసికొనవచ్చును.

మూడవది మోలు. పిల్లలు బెదరు తావిదియే. ఒక గంపెడు చింతపిక్కలను ఒక్కొక్కటిగా లెక్కింపనేల? నూఱు పిక్కలు తూచి, గంప తూచి, త్రైరాశికము వేసిన లెక్క తేలును. అణువులను కంటితో చూడలేము గనుక వానిని తూచియే లెక్కింపవలెను. పండ్రెండు గ్రాముల బొగ్గునందెన్ని పరమాణువులో, సుమారు ఏబదియాఱు గ్రాముల యినుమునందును అన్నియే పరమాణువులు. ఆ రాశికే మోలని పేరు. డజను, గ్రోసు అన్నట్లే అదియు నొక రాశి పేరు. 2019 మే 20 నుండి ఆ సంఖ్య 6.02214076×10²³ అని లోకమంతట స్థిరపఱుపబడినది. లీలావతి సంఖ్యల పట్టికలో కడపటిది పరార్ధము, అనగా 10¹⁷. అట్టి పరార్ధములు అఱువది లక్షలకు పైగా చేరిన ఒక మోలు.

ఇచ్చట మా బాలికయే మాకొక మాట నేర్పినది. సవరభాషలో పండ్రెండు వఱకు లెక్కించి, పదుమూటిని 'పండ్రెండు మీద ఒకటి' అందురు; ఇరువది దాటినపిమ్మట ఇరువదులతో లెక్కింతురు. మనము పదులతో కట్టలు గట్టగా, వారు పండ్రెండుతోను, ఇరువదితోను కట్టుదురు. "మోలు కూడా ఒక కట్టేనా అమ్మగారూ?" అని ఆమె యడిగెను. అంతే. తన యింటి లెక్క ఆమెకు దారి చూపినది.

ఈ లెక్క యింటికేమి పనికివచ్చునని మీరడుగవచ్చును. వానకాలమున కొండగూడెములందు బిడ్డలకు విరేచనములు సోకినపుడు ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పొడిని చూడుడు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2002లో సవరించిన పాళ్లు లీటరు నీటికివి: ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాసియము క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియము సిట్రేటు 2.9 గ్రాములు. గ్లూకోజు ఉప్పునకు అయిదు రెట్లకు పైగా తూగుచున్నది. ఇట్లేల? మోలులలోనికి మార్చిన రహస్యము తెలియును.

గ్లూకోజు ఒక మోలు 180 గ్రాములు, 13.5ను 180చే భాగింప 0.075 మోలు. ఉప్పు ఒక మోలు 58.5 గ్రాములు, 2.6ను దానిచే భాగింప 0.0444 మోలు, సోడియమును అంతే. సిట్రేటు ఒక మోలు 294 గ్రాములు, 2.9 గ్రాములు 0.0099 మోలు. అందు ఒక్కొక్క దానికి సోడియములు మూడు గనుక 0.0296. రెండు సోడియములు కలిపిన 0.074, ఇంచుమించు గ్లూకోజుతో సమానము. తూకమున అంత భేదముగా గానవచ్చినవి లెక్కకు సరిజోడులు! ప్రేగుల గోడయందు గ్లూకోజు, సోడియము కలిసి లోనికి పోవుచు, నీటిని తమ వెంట తీసికొనిపోవును. అందుచేతనే ఆ పాళ్లు. ఈ లెక్క తేలిన దినమున బాలిక కాగితమును చాలసేపు చూచి, "గ్రాముల్లో చూస్తే ఇది కనపడదు కదా" అనెను. బై.పి.సి. మానుమాట ఆమె నోట మరల రాలేదు.

1971లో బంగ్లాదేశ యుద్ధమున బన్‌గావ్ శరణార్థి శిబిరమున కలరా ప్రబలినపుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ ఇట్టి ద్రావణమునే త్రాగించిరి. నూటికి ముప్పది వఱకునున్న మరణములు నాలుగింటికి లోబడినవి. అయిన పాళ్లు తప్పరాదు. లీటరునకు చెప్పిన పొడిని అరలీటరులో కలిపినచో గాఢత రెట్టింపై, మన రక్తముకంటెను చిక్కనై, బిడ్డకు మేలునకు మాఱు కీడు చేయును. చిన్న పొట్లములును అమ్ముచున్నారు గనుక పొట్లముపై వ్రాసిన నీటి కొలత చదివియే కలుపుడు. తల్లికి త్రైరాశికము వచ్చుట బిడ్డ ప్రాణమునకు సంబంధించిన సంగతి.

నాలుగవది ద్రావణముల మిశ్రమము. లీలావతియందు సువర్ణగణితమని యొక ప్రకరణము కలదు. పది తులముల 22 కారట్ల బంగారమును, అయిదు తులముల 16 కారట్ల బంగారమును కరగించి కలిపిన ఎన్ని కారట్లగును? తూకమును వన్నెతో గుణించి, ఫలములను కూడి, మొత్తము తూకముచే భాగింపవలెను. 220, 80 కలిసి 300. పదునేనుచే భాగింప 20 కారట్లు. ఇపుడు బంగారమునకు మాఱు ఉప్పునీటిని తలపుడు. 0.6 మొలారిటీ గలది 2 లీటరులు, 0.3 గలది 1 లీటరు కలిపిన, 1.2, 0.3 కలిసి 1.5, మూటిచే భాగింప 0.5. నగలు చెఱిపించి చేయించునపుడు మోసపోకుండ మనము వేసికొను లెక్కయే యిది.

అయిదవది సంవర్గమానము, లాగరిథమని వాడుకలో నున్నది. దీనిని 1614లో జాన్ నేపియరు ప్రకటించెను. పదిని ఎన్నవ ఘాతమునకు ఎత్తిన ఆ సంఖ్య వచ్చునో తెలుపునదే సంవర్గమానము. నూఱునకు 2, వేయికి 3. గుణకారము కూడికగా మాఱుట దీని మహిమ. రెంటికి 0.3010, మూటికి 0.4771, ఏడింటికి 0.8451 అని ఈ మూడే కంఠస్థము చేయుడు. నాలుగు రెండు రెండ్లు, ఆఱు రెండు మూళ్లు, అయిదు పదిలో సగము. ఇట్లు పది వఱకు అన్నియు తేలును. పుల్లదనమును కొలుచుటకు 1909లో సోరెన్సెన్ ఏర్పఱచిన పి.హెచ్. దీనిపై నిలిచినది. నిమ్మరసము సుమారు 2, స్వచ్ఛజలము 7. భేదము అయిదే యని తలపరాదు. ఒక్కొక్క మెట్టునకు పదిరెట్లు గనుక నిమ్మరసమున పులుపునకు కారణమగు హైడ్రోజను అయానులు లక్షరెట్లు.

మనవారిలో ఈ దారిని నడచినవారు లేరా? భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషనున మొదట తప్పిరి. వారే 1925లో ఫిస్కెతో గూడి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. నీలిరంగు ఎంత గాఢమో భాస్వరము అంత. తెలిసిన రంగుతో తెలియని రంగును పోల్చుట, మరల త్రైరాశికమే. ఇక అసీమా ఛటర్జీగారు 1944లో కలకత్తా విశ్వవిద్యాలయమున డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టము పొంది, భారతీయ విశ్వవిద్యాలయమున దానిని పొందిన తొలి భారతీయ మహిళ యైరి.

భాషను గూర్చి యొక మాట. సవర బాలికకు తెలుగే రెండవ భాష, ఇంగ్లీషు మూడవది. గిడుగు రామమూర్తిగారు సవరభాష నేర్చి, ఆ భాషకు వ్యాకరణమును, నిఘంటువును వ్రాసి, బిడ్డకు తన భాషలోనే మొదట చెప్పవలెనని వాదించిరి. గ్రాంథికమున వ్రాయుచు మేము వారిని స్తుతించుట కొందఱకు నవ్వు పుట్టింపవచ్చును. ఐనను వారి మాట నిజము. పిల్ల లెక్క చేయుచు తన భాషలో గొణుగుకొనిన గొణుగుకొననిండు. ఫలము సరియైన చాలును.

తల్లులకు మా మనవి యిది. మీ బాలిక లెక్కలు రాని దని ఇరుగుపొరుగు వారి యెదుట అనకుడు; ఆ మాటను పిల్ల నమ్మును. దినమునకు అరగంట, త్రైరాశికము పది దినములు, కొలతల మార్పు పది దినములు, ఘాతములు పది దినములు, ఇట్లు వరుసగా చేయింపుడు. ఒకటి చేతికి రానిదే రెండవదానికి పోవలదు. మీకు తెలియకున్న బాలికను మీకు చెప్పుమనుడు. ఒకరికి చెప్పునపుడు తెలియనిది తనకే తెలియును. వంటయింట ఉప్పును పాళ్లెఱిగి వేయు చేతులకు ఈ విద్య దూరము గాదు.