కందకుర్తి నుంచి కడలి దాకా

నిజామాబాద్ వాళ్ళకు సముద్రంతో ఏం పని అని నవ్వకండి. మన జిల్లాకు సముద్రం లేని మాట నిజమే గానీ, సముద్రానికి పోయే దారి మాత్రం ఉంది. అదే కందకుర్తి.

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్ళి, అక్కడినుంచి రెంజల్ మీదుగా పోతే ఈ ఊరు వస్తుంది. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే త్రివేణి సంగమం ఇది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడే. హరిద్ర అంటే పసుపు. పసుపు పండే నేల మీద పారే వాగుకు ఎంత చక్కని పేరో చూడండి! నీళ్ళు తగ్గిన రోజుల్లో వెళితే నదిలో పాత రాతి శివాలయం కనిపిస్తుంది. వరదొస్తే అది మునిగిపోతుంది. వంతెన దాటితే మహారాష్ట్ర.

కార్తీకంలో తెల్లారకముందే స్నానాలు చేసి దీపాలు వదులుతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. ఎండెక్కాక చూస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది. పసుపు కుంకుమ పొట్లాలు, అగరొత్తుల కవర్లు, షాంపూ పాకెట్లు ఒడ్డంతా ఉంటాయి. అక్కడ పూలమ్మే పెద్దామెను అడిగితే, "వానొస్తే అన్నీ కొట్టుకపోతయి బిడ్డా" అంది.

కొట్టుకుపోయి ఎక్కడికి చేరతాయి? కొన్ని పోచంపాడు శ్రీరాంసాగర్‌లో ఆగుతాయి. వరదకు గేట్లెత్తితే కాళేశ్వరం, భద్రాచలం, ధవళేశ్వరం దాటి, అంతర్వేది దగ్గర సముద్రంలో కలవచ్చు. గోదావరి మొత్తం పొడవు 1,465 కిలోమీటర్లు. ఆ కోస్తా ఇసుకలోకే చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నీళ్ళలో తేలే ప్లాస్టిక్ కవరు సముద్ర తాబేలు కళ్ళకు జెల్లీఫిష్‌లా కనిపిస్తుంది. ఆహారమనుకుని మింగితే పేగులకు అడ్డంపడి ప్రాణం మీదికొస్తుంది.

అమెరికాలో ఆరిగన్ రాష్ట్రంలోని బాండన్ అనే సముద్రపు ఊళ్ళో ఏంజెలా హేసెల్టైన్ పోజ్జీ అనే చిత్రకళ టీచరు 2010లో "వాష్డ్ అషోర్" అనే సంస్థ పెట్టారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ ఏరించి, కడిగించి, దాంతోనే పెద్ద పెద్ద చేపలు, పక్షుల బొమ్మలు చేయించారు. ఇలా రకరకాల వస్తువులు కలిపి చేసేదాన్ని మిక్స్‌డ్ మీడియా అంటారట. బొంతలు కుట్టే మనకు ఇదేమంత కొత్త విద్య చెప్పండి?

మా వాడకట్టు ఆడవాళ్ళం నలుగురం కలిసి ఒకటి చేశాం. మీరూ చేయవచ్చు. అడుగున గోనె సంచి పరవండి. బోధన్ చక్కెర ఒకప్పుడు అలాంటి సంచుల్లోనే ఊళ్ళకు పోయేది. (షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది.) పాత పేపరు ముక్కలు పసుపు కలిపిన మైదా జిగురుతో అంటిస్తే చేలు తయారు. నీలం పాత చీర అంచులు మూడు పైనుంచి తెచ్చి ఒకచోట కలిపితే సంగమం. కింద సముద్రానికి, కడిగి ఆరబెట్టిన కవర్లు పేలికలుగా కత్తిరించి బొంతకుట్టుతో కుట్టండి. కొబ్బరిచిప్పకు అంచున కన్నాలు వేసి దారంతో బిగిస్తే తాబేలు. కవర్లను మాత్రం ఇస్త్రీ చేయకండి, కాల్చకండి. ఆ పొగ మంచిది కాదు.

కవర్లు రంగుల వారీగా విడదీస్తున్నప్పుడే అసలు సంగతి తెలిసింది. అందులో ఫ్యాక్టరీలది ఒక్కటీ లేదు. పాలవి, నూనెవి, పప్పులవి, పూజ సామాన్లవి. అన్నీ మన వంటింటివే!

బతుకమ్మను కూడా మనం నీళ్ళకే ఇస్తాం. తంగేడు, గునుగు నీళ్ళలో నాని మట్టిలో కలిసిపోతాయి. నీటికి ఏమివ్వాలో మన పెద్దలకు తెలుసు. పూలు పట్టుకెళ్ళిన కవరును మాత్రం తిరిగి ఇంటికి తెచ్చుకోవాలి, అంతే.

2015లో జరిగిన గోదావరి పుష్కరాల తర్వాత పన్నెండేళ్ళకు, అంటే 2027లో మళ్ళీ పుష్కరాలు. ఆ స్నానానికైనా, మామూలు రోజుల్లోనైనా కందకుర్తి వెళితే పసుపు కుంకుమలు చిన్న స్టీలు డబ్బాలో, పూలు గుడ్డ సంచిలో తీసుకెళ్ళండి. దీపం అరటి దొప్పలో వదలండి. అంతర్వేది తాబేలుకు మనమెవరో తెలియదు. అయినా మనం పంపినది దాని దాకా చేరవచ్చు.