హార్డ్ డిస్కుకు గీటురాయి

పసిడి వన్నెను గీటురాయిపై తేల్చడం తెలిసిన ఊరు మా ప్రొద్దుటూరు. హార్డ్ డిస్కును మాత్రం పెట్టె మీది అంకె చూసే కొంటాము.

ఒక టెరాబైటు డిస్కును విండోస్ 931 గిగాబైట్లుగా చూపడం మోసం కాదు. తయారీదారు వేయితో గుణిస్తే, విండోస్ 1024తో గుణిస్తుంది. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్కులో సమాచారం తల కిందికి వచ్చేందుకు సగటున 5.6 మిల్లీసెకన్లు పడితే, 7200 చుట్లదానికి 4.2 చాలు.

నా పాత డిస్కులో జమ్మలమడుగు అవ్వ పాడిన దంపుళ్ళ పాటలున్నాయి. అవ్వ ఇప్పుడు లేదు. స్మార్ట్ నివేదికలో పాడైన సెక్టార్ల లెక్క ప్రతి నెలా పెరుగుతున్నది. అందుకే ఒక ప్రతిని పులివెందులలోని తమ్ముడికి పంపాను. డిస్కు వెల అంగడివాడు చెబుతాడు. ఆ గొంతు వెల ఎవరు కట్టగలరు? మిత్రులారా, మీ ప్రతులు ఎన్ని చోట్ల ఉన్నాయి?