ఆకురాయి పట్టు

సింగపూర్‌లోని ఆంగ్ మో క్యోలో ఆ ప్రాంగణం ముందు ఆగి అడ్రసు మళ్లీ చూసుకున్నాను. అంత పెద్ద భవనాలు చూసి ఏదో యూనివర్సిటీకి వచ్చాననుకున్నాను. చోటు సరైనదే. ఐటీఈ సెంట్రల్ కాలేజీ. మన లెక్కలో చెప్పాలంటే ఐటీఐ.

మా తమ్ముడు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేశాడు. ఆ రెండేళ్లూ చుట్టాలెవరైనా "చిన్నవాడు ఏం చదువుతున్నాడు?" అంటే, అమ్మ "ఏదో చదువుతున్నాడు లెండి, కాఫీ తాగుతారా?" అని లోపలికి వెళ్లిపోయేది. వాళ్ల వర్క్‌షాపులో పనిచేసే లేత్ మెషీన్ ఒక్కటే. తమ్ముడి వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేవారట. ఆ బాధ నన్ను ఇక్కడిదాకా తెచ్చింది.

ఇక్కడా ఒకప్పుడు ఇదే కథ. ప్రాథమిక బడిలోనే వెనకబడ్డ పిల్లలను వృత్తి శిక్షణకు పంపేసేవారు. లెక్కలూ ఇంగ్లిషూ సరిగా రాని పిల్లవాడు డ్రాయింగు ఎలా చదువుతాడు? 1992లో పాత శిక్షణ బోర్డును తీసేసి ఐటీఈ పెట్టినప్పుడు, ముందు పదేళ్ల బడి చదువు, ఆ తర్వాతే పనిముట్టు అని నియమం చేశారు. సంస్కరణ మొత్తంలో నాకు గొప్పగా తోచింది ఇదే. అయినా జనం ఊరుకోలేదు. ఐటీఈ అన్న మూడక్షరాలను 'ఇట్స్ ద ఎండ్' అని విడగొట్టి, అక్కడ చేరితే బతుకు ముగిసినట్టేనని పిల్లల ముఖం మీదే అనేవారు.

అక్కడక్కడా చెదిరి ఉన్న చిన్న శిక్షణ కేంద్రాలను మూడు పెద్ద కాలేజీలుగా కలిపారు. 2005లో ఈస్ట్, 2010లో వెస్ట్, 2013లో ఇది. వెనకబెంచీ పిల్లల కోసం దేశం తన ఖజానా విప్పి కట్టిన గోడలివి. వాటిని చేత్తో తాకి చూశాను.

విమాన మరమ్మతు నేర్పే షెడ్డులో నిజం విమానమే నిలిపి ఉంది. రెక్క కింద ముగ్గురు పిల్లలు. ఒకడు బోల్టు బిగించబోతుంటే ఇన్‌స్ట్రక్టరు ఆపి, ఎంత బిగించాలో, అంతే ఎందుకో చెప్పమన్నాడు. పిల్లవాడు తడబడ్డాడు. తడుముకుని చెప్పాకే స్పానర్ చేతికిచ్చాడు. ఈ చదువులో ఎక్కువ భాగం చేతిపనే, కానీ ఆ 'ఎందుకు'ను ఎవరూ దాటవేయనివ్వడం లేదు.

జీతాల తేడా మాత్రం పూర్తిగా పోలేదు. డిగ్రీవాళ్లతో పోలిస్తే వీళ్ల సంపాదన ఇప్పటికీ తక్కువే. అందుకే 2024 బడ్జెట్‌లో, ఐటీఈ చదువు ముగించిన, వయసు ముప్పై దాటనివాళ్లు డిప్లొమాలో చేరితే 5,000 సింగపూర్ డాలర్లు, పూర్తిచేస్తే ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలో మరో 10,000 వేస్తామని ప్రకటించారు. సంస్కరణ మొదలై ముప్పై ఏళ్లు దాటినా పని ముగిసిందని చేతులు దులుపుకోకపోవడం నాకు నచ్చింది.

అనుమతి అడిగి, తమ్ముడికి వీడియో కాల్ చేశాను. విమానం చూపిస్తే "అది సరే అక్కా, బెంచీలు ఎక్కడ?" అన్నాడు. ఫోను తిప్పాను. వరసగా వైస్‌లు, మనిషికొకటి. ఒక కుర్రాడు ఇనపముక్కను బిగించి, ఆకురాయితో అంచు సాపు చేస్తున్నాడు.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు.

"వాడి పట్టు బాగుందక్కా" అన్నాడు. "కొంచెం దగ్గరగా చూపించు."