ఇంటిబండిలో ఆరు దినములు

మొన్నటి సంవత్సరమొకదానిలో మేము మూడు నెలలకు పైగా బడికి రాకుండుటకు గల కారణమును మీలో పలువురు ఎరుగుదురు. ఆ సెలవులో ఆరు దినములు మాత్రము ఎక్కడ గడచినవో ఎవ్వరును ఎరుగరు. ఆ సంగతి వ్రాయుడని పత్రికా సంపాదకవర్గములోని విద్యార్థులు కోరిరి. విద్యార్థులు కోరినపుడు కాదనుట మాకు అలవాటు లేదు.

2022 డిసెంబరు మొదటివారమున విశాఖపట్టణములో మాకు గుండె శస్త్రచికిత్స జరిగెను. ఒకప్పుడు ఉపాధ్యాయ శిక్షణ పొందుచు ఆ ఊరి ఎత్తుపల్లములన్నియు సైకిలుపై తిరిగిన మేము, ఈమారు చక్రముల కుర్చీలో కూర్చుండి ఆ ఊరిని కిటికీలోనుండి చూచితిమి. గుండెకు నెత్తురు నందించు నాళములు మూడు పూడిపోయినవి. కాలువ పూడినపుడు రైతు ప్రక్కగా పిల్లకాలువ త్రవ్వి చేనికి నీరు పెట్టునట్లే, వైద్యులు మా కాలినుండి సిర తీసి, రొమ్ములోని ధమని నొకదానిని మళ్లించి, నెత్తురునకు క్రొత్తదారి వేసిరి. కాలిసిరతో ఇట్లు దారి వేయు విధానమును 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండునందు నిలబెట్టిన రెనె ఫావలోరో, అంతకుముందు పండ్రెండేండ్లు అర్జెంటీనాలోని ఒక మారుమూల పల్లెలో వైద్యము చేసినవాడట. పల్లెబడి పంతుళ్లమగు మాకు ఆ మాట చదివినపుడు ఏలనో ధైర్యము కలిగెను.

రొమ్ముటెముకను నిలువున కోసి, పని ముగిసిన పిదప తీగెలతో బిగింతురు. అది అతుకుటకు రెండు మూడు నెలలు పట్టును. అంతదనుక నీళ్లబిందె ఎత్తరాదు, బరువైన తలుపు లాగరాదు. దగ్గు వచ్చినచో దిండును రొమ్మునకు హత్తుకొని దగ్గవలెను. ఈ నియమములన్నియు పాటించితిమి. కాని నొప్పికంటె భయము మమ్ము ఎక్కువ బాధించెను. బడిలో తెలుగు చెప్పువారము మేమొక్కరమే. తెలుగు గంట వచ్చినపుడు పిల్లలు ఊరక కూర్చుండుచున్నారని వింటిమి. పది అడుగులకే ఆయాసపడు మేము నలుబదిమంది యెదుట నిలిచి పద్యము చదువగలమా? ఇక చదువలేమని మాకు మేమే తీర్పు చెప్పుకొని, జనవరిలో ఒక రాత్రి పదవీవిరమణకు అర్జీ వ్రాసితిమి. దానిని నాలుగు మడతలు పెట్టి చొక్కాజేబులో దాచుకొంటిమి. ఇంటిలో ఎవరికిని చెప్పలేదు.

ఆ దినములలోనే మా పూర్వవిద్యార్థి యొకడు చూడవచ్చెను. అతడు వ్యానులకు బాడీలు కట్టు పని నేర్చి, పాత వ్యాను నొకదానిని ఇల్లుగా మార్చినాడు. అందులో ఒక మంచము, మడతబల్ల, చిన్న గ్యాసుపొయ్యి, నీళ్లడ్రమ్ము, బ్యాటరీదీపము, మూలగా ఒక మరుగుదొడ్డి. పెండ్లిండ్లకును యాత్రలకును దానిని అద్దె కిచ్చుచుండును.

“మాస్టారూ, మీరు రోజంతా గోడలు చూస్తూ కూర్చుంటున్నారని అమ్మగారు చెప్పారు. నా బండిలో కూర్చుని సముద్రం చూడండి. నేనే తోలుతాను” అనెను.

వైద్యుని అడిగితిమి. ఆయన కాదనలేదు గాని షరతులు పెట్టెను. బండి కదలుచున్నంతసేపు మంచముపై పండుకొనక సీటులో బెల్టు పెట్టుకొని కూర్చుండవలెను. బెల్టునకును రొమ్మునకును నడుమ మెత్తని దిండు ఉండవలెను. కాళ్లలో నెత్తురు గడ్డకట్టకుండుటకు గంటకొకమారు దిగి నడువవలెను. మందుల వేళ తప్పరాదు. ఇట్లు 2023 ఫిబ్రవరి చివరివారమున బరంపురమునుండి బయలుదేరితిమి. ఏ దినమునను అరువది కిలోమీటర్లు మించరాదని నిర్ణయము. “పూర్వం గూడుబండి అయినా ఇంతకంటే వేగంగా వెళ్లేది” అని మా శ్రీమతి నవ్వెను. ఆమె నవ్వగా విని రెండు నెలలైనదని అప్పుడు తోచెను.

మొదటి మజిలీ గోపాలపురము. ఒకప్పుడు అది గొప్ప రేవు. మన తెలుగువారును, ఒడియావారును కూలికై ఇచ్చటనే ఓడలెక్కి రంగూనునకు పోయిరి. 1942లో యుద్ధభయముచేత బర్మానుండి వేలకొలది జనులు అడవులగుండ నడచి తిరిగివచ్చిరి. ఇప్పుడా రేవునకు గుర్తుగా పాతగోడలు కొన్ని మిగిలియున్నవి. రేవు పోయినను తెలుగు పోలేదు. ఒడియావారు నోళియాలని పిలుచు ఇచ్చటి బెస్తవారు ఇంటిలో ఈనాటికిని తెలుగే మాటలాడుదురు.

రెండవనాటి సాయంకాలము ఇసుకలో కూర్చుండియుండగా, వలల చెంతనుండి ఎనిమిదేండ్ల పిల్ల యొకతె వచ్చి మా రొమ్ముపై దిండును చూచి, “తాతా, అది ఎందుకు?” అని తెలుగున అడిగెను. చెప్పితిమి. నీ పేరు వ్రాయగలవా అని అడిగితిమి.

“ఒడియాలో రాస్తాను. తెలుగులో మా అమ్మకే రాదు.”

పుల్లతో ఇసుకలో ఆ పేరు తెలుగున వ్రాసి చూపితిమి. రెండే అక్షరములు. పిల్ల వంగి వ్రేలితో దిద్దుచుండగానే అల వచ్చి తుడిచివేసెను. మరల వ్రాసితిమి, మరల అల వచ్చెను. “కాగితం మీద రాసియ్యి, అమ్మకు చూపిస్తాను” అనెను. జేబులోని కాగితము తీసి, వెనుకప్రక్క పెద్ద అక్షరములతో వ్రాసి యిచ్చితిమి. దానిని జాకెట్టులో దోపుకొని పరుగెత్తెను.

రాత్రి మందులు వేసికొనునపుడు జేబు తడవి చూచితిమి. పోయినది అర్జీయే! మా శ్రీమతికి అప్పుడు ఉన్నమాట చెప్పివేసితిమి. ఆమె కోపపడలేదు. చాలసేపు ఊరకుండి, “ఇంకొకటి రాయడానికి మన దగ్గర కాగితాలు లేవు” అని మాత్రము అనెను. సంచిలో నోటుపుస్తకము ఉన్నదని ఆమెయు ఎరుగును, మేమును ఎరుగుదుము.

మూడవనాడు ఛత్రపురము చెంతనున్న తంపర సరస్సు గట్టున ఐదువందల అడుగులు నడచితిమి. నాలుగవనాడు గంజాము చేరితిమి. ఇంగ్లీషువారు 1768లో కట్టిన పోతగడ అను కోట అచ్చట శిథిలమై యున్నది. 1815లో విషజ్వరము వ్యాపించి ఆ పట్టణము పాడుపడగా, జిల్లా కేంద్రమును బరంపురమునకు మార్చిరి. మన ఊరు పెరిగినది ఒక వ్యాధి తరువాతనే యని ఆ మొండిగోడలయెదుట తలపునకు వచ్చెను.

ఐదవనాటి తెల్లవారుజామున ఋషికుల్యానది సముద్రమున కలియు చోటికి పోయితిమి. ఆ ఋతువున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షలకొలది వచ్చి అచ్చట గ్రుడ్లు పెట్టెను. మేము దూరముగా నిలిచి, వెనుకబడిన తాబేలు నొకదానిని చూచితిమి. అది గుంట పూడ్చి, ఒడలితో ఇసుకను తట్టి గట్టిపరచి, సముద్రమువైపు తిరిగెను. నాలుగడుగులు ప్రాకును, ఆగును, ఊపిరి తీయును; మరల నాలుగడుగులు. ఆగినందుకు అది సిగ్గుపడినట్లు కనబడలేదు. మేమో, రెండు నెలలుగా ఆగిన ప్రతిచోటను ఎవరైన చూచుచున్నారేమోయని తలవంచుకొంటిమి. అల వచ్చి దానిని ఎత్తుకొనుదనుక నిలిచి చూచి, బండివరకు నడచితిమి. త్రోవలో మూడుమార్లు ఆగితిమి. తల వంచలేదు.

ఆ రాత్రి రంభలో చిలుకసరస్సు ఒడ్డున బస. 1981లోనే రామ్‌సర్ ఒప్పందముక్రింద గుర్తింపు పొందిన ఆ సరస్సుపై, శీతకాలమునకు వచ్చి ఇంకను పోక మిగిలిన బాతులు తేలుచుండెను. మరునాడు ఇల్లు చేరితిమి.

మార్చి చివరను బడికి వచ్చితిమి. మొదట కొన్నిదినములు కూర్చుండియే పాఠము చెప్పితిమి. సీసపద్యమును ఒక్క ఊపిరిలో చదువలేక సగమున ఆగగా, మిగిలిన సగమును తొమ్మిదవ తరగతివారు అందుకొనిరి. అది వారికి జ్ఞాపకమున్నదో లేదో గాని, మాకు మరపునకు రాదు.

తలిదండ్రులకు ఒక్కమాట. మీ యింట ఎవరికైన పెద్ద శస్త్రచికిత్స జరిగినచో, వైద్యుని అనుమతితో వారిని మెల్లగా వెలుపలికి తీసికొనిపొండు. ఇంటిబండియే ఉండనక్కరలేదు, వీధిచివరి రావిచెట్టు చాలును. వారు త్రోవలో ఆగినపుడు మీరును ఆగుడు.

విద్యార్థులారా, గోపాలపురమునందు ఒక యింటిలో మా అర్జీ యున్నది. దాని వెనుక రెండు తెలుగక్షరములున్నవి. ఆ పిల్ల ఇప్పటికి వాటిని చూడకయే వ్రాయుచుండునని మా ఆశ. మీ యిండ్లలోను తెలుగు మాటలాడుచు వ్రాయనేరని అమ్మమ్మలు, నాయనమ్మలు ఉందురు. ఈ సాయంకాలము వారి పేరు ఒక కాగితముపై వ్రాసి వారికి ఇండు.