పెద్ద కళ్ల పక్షం

“బొమ్మల సినిమాకా? పిల్లల్ని తీసుకెళ్తున్నారా?” అని అడిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. లేదండీ, నేను చూడ్డానికే అంటే ఓ జాలి చూపు. చూసేది ఎవరయ్యా అంటే, కాఫీలో కోడలు ఏం కలిపిందో తెలుసుకోడానికి నెల్లాళ్లు టీవీ ముందు కూర్చునే పెద్దమనుషులు. యూగో సాకో అనే జపాను పెద్దాయన మన రామ్‌మోహన్‌తోనూ, కోయిచి ససాకితోనూ కలిసి రామాయణాన్ని యానిమేగా తీశాడు. 1992 నాటి ఆ సినిమా 2025 జనవరిలో తెలుగు మాటలతో థియేటర్లకొస్తే, ఏటా మా వీధిలో రాములవారి పందిరికి చందాలు వసూలు చేసే ఆసామి కూడా “కార్టూనేగా” అని ఊరుకున్నాడు.

అందుకే మా మేనల్లుడు “మావయ్యా, హైదరాబాద్ కామిక్ కాన్‌కి రారాదూ, ఫారిన్ నుంచి మావాళ్లొస్తున్నారు” అనగానే రాజమండ్రిలో గౌతమి ఎక్కేశాను. కాకినాడ నుంచి లింగంపల్లి దాకా పోయే బండి. హైటెక్స్‌కి వెళ్లేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి? మావాడిది ‘డీమన్ స్లేయర్’ యానిమేలో తంజిరో వేషం. ఆ కుర్రాడి పైకోటు ఆకుపచ్చా నలుపూ గళ్లు. అంగట్లో కొంటే బోలెడవుతుందని మా టైలరు రెండు గళ్ల లుంగీలు తీసుకుని దివ్యంగా కుట్టేశాడు. కత్తి ఫోమ్ షీటుది, పాత పంచెలో చుట్టాం. టీసీ గారు వచ్చి ఆ మూట చూసి ఆగారు.

“అందులో ఏంటండీ?”

“కత్తండీ.”

“దేనికండీ?”

“రాక్షసుల్ని చంపడానికండీ” అన్నాడు మావాడు నిద్రమత్తులో. టీసీ గారు నా వంక చూశారు, నేను కిటికీ వంక చూశాను.

హైదరాబాదులో ఈ సంబరం 2013 నుంచీ ఉంది. యానిమే ఒక్కటే కాదు, అమెరికా వీరులూ ఉంటారు. ఆ గబ్బిలం మనిషి జోలికి నేను పోలేదు. మావాళ్లని వెతుక్కుంటూ వెళితే ఒసాకా నుంచి వచ్చినావిడ శివగామి వేషంలో, చేతుల్లో గుడ్డల పసిబిడ్డతో నిలబడి ఉంది. ‘బాహుబలి 2’ 2017 చివర్లో జపానులో విడుదలయ్యాక అక్కడ గొంతు చించుకుని అరుస్తూ చూసే ఆటలే ప్రత్యేకంగా వేశారు. జనం వేషాలు కట్టుకుని మరీ వెళ్లారు. ఆ బాపతు మనిషన్నమాట. మా కథలో ఆవిడ, వాళ్ల కథలో మావాడు. ఇద్దరూ ఒకరి కుట్లు ఒకరు తిరగేసి చూసుకున్నారు. లుంగీ సంగతి చెబితే ఆవిడ చిరునామా అడిగి రాసుకుంది. మలేషియా కుర్రాడొకడున్నాడు, ముత్తాతల కాలంలో తోట పనికి వలసపోయిన తెలుగువాళ్లింటివాడు. నాతో చక్కగా తెలుగు మాట్లాడాడు, ఆవిడతో జపనీసు. మా మేనల్లుడు మాత్రం ముగ్గురితోనూ ఇంగ్లీషే.

అక్కడ నన్ను కదిపింది మలేషియా కుర్రాడే. యానిమేలో కళ్లు మరీ అంతంత ఎందుకని మా ఇంట్లోవాళ్లు వెక్కిరిస్తారన్నాడు. ఇంకేముంది! నరసాపురంలో 1933లో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ గారి, అదే మన బాపు గారి, బొమ్మలు ఫోనులో తీశాను. బాపు గీసిన అమ్మాయికి ముఖంలో సగం కళ్లే కదా, పెళ్లి శుభలేఖ మీద వేయించుకుని మురిసిపోతామే, అప్పుడెవరికీ అతిగా లేదేం? ఒసాకా ఆవిడ ఒసాము తెజుకా పేరెత్తింది. డిస్నీ బొమ్మల్ని ప్రేమించి వాటి కళ్లు తన కామిక్సులోకి తెచ్చుకున్న మహానుభావుడు, నాకూ గౌరవమే. కానీ ఆ కళ్లలో వెలుగు చుక్కలు పెట్టాలి, రంగులు పొరలు పొరలుగా వెయ్యాలి. బాపుకి అవేం అక్కర్లేదు. నల్లగుడ్డు రవ్వంత పక్కకి జరిపితే చాలు, ఆ పిల్ల ఎవరిని చూస్తోందో, ఎవరు చూడకూడదనుకుంటోందో రెండూ తెలిసిపోతాయి. సాకో రాముడు బాగున్నాడు, విల్లు పట్టడం బాగుంది, కానీ బాపు రాముణ్ణి చూసి పెరిగినవాడికి ఆ చూపులో ఉప్పు ఓ పలుకు తక్కువే అనిపిస్తుంది. ఇదంతా వివరిస్తూండగా శివగామి బిడ్డని నా చేతికిచ్చి కాఫీకి వెళ్లింది. చాలాసేపు రాలేదు.

సాయంత్రం వేషాల పోటీ. కుట్టూ రంగూ పనితనమూ పరీక్షించి మార్కులేశారు. ఒకాయన కవచం అంచులు వేలితో తడిమి చూశాడు. న్యాయమంటే అదండీ! మా బళ్లో ఏకపాత్రల పోటీకి మా అమ్మ నన్ను కృష్ణుణ్ణి చేసింది. అట్టముక్కల కిరీటం, బంగారు కాయితం, నిజం నెమలి పింఛం, ఒళ్లంతా నీలిమందు. ఆ నీలం వదలక ఎంతకాలం పీచుతో రుద్దించుకున్నానో. ఫస్టు ప్రైజు ఎవరికిచ్చారనుకున్నారు? నెహ్రూకి. ఇంట్లో ఉన్న తెల్లచొక్కా తొడుక్కుని గులాబీ పువ్వొకటి గుచ్చుకొచ్చాడు, అంతే. వాళ్ల నాన్నా జడ్జిగారూ రోజూ కలిసి పేకాడేవాళ్లని ఊరంతటికీ తెలుసు. ఆ నెహ్రూ ఇప్పుడు మా వీధి చివర ఇల్లు కట్టాడు. వెళ్తే మర్యాదగానే కూర్చోబెడతాడు, పూతరేకులు పెడతాడు. మంచినీళ్లు మాత్రం ఆ ప్రైజు గ్లాసులోనే ఇస్తాడు, పేరు చెక్కిన వైపు నాకు కనపడేలా తిప్పి.